బోడి సెల్లుకు టంకం బొట్టు

ఖరగ్‌పూర్ ప్రేమ్ బజార్‌లో టార్చీలు, చార్జర్లు అమ్మే దుకాణదారు నన్ను చూడగానే మొహం మాడ్చుకుంటాడు. నేను కొనేది తక్కువ, కెలికేది ఎక్కువ. చార్జింగ్ పెట్టుకునే బ్యాటరీ సెల్లు కనిపిస్తే చాలు, చేతిలోకి తీసుకుని తల చూస్తాను. తల అంటే ప్లస్ వైపు. అక్కడ బొడిపె ఉందా, చదునుగా ఉందా, ఉన్న బొడిపె ఫ్యాక్టరీలో పెట్టిందా, లేక ఎవరో మహానుభావులు తరవాత అతికించిందా అని గోటితో గీరి మరీ చూస్తాను. "మాసీమా, ఏ చావల్ నహీఁ హై, బ్యాటరీ హై," అంటాడతను, బియ్యం ఏరినట్టు ఏరకమ్మా అని. అతనికేం తెలుసు. అలా అతికించిన మహానుభావురాలిని నేనే.

రిటైరైనవాళ్లు రాసుకునే కథల్లో వాళ్లే గెలుస్తారు. పై ఆఫీసరు తప్పు చేస్తాడు, వీళ్లు దిద్దుతారు. ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలారా, మీకు అలాంటివి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చెప్పేది నేను తప్పు చేసి, ఆ తప్పును ఒక పూట దాచిపెట్టి, ఆ పూటంతా భయంతో చచ్చిన సంగతి. మూడేళ్లయింది.

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఖరగ్‌పూర్ వచ్చి రైల్వే వర్క్‌షాపులో చేరాడు. నాన్నా రైల్వేలోనే. నాన్న డ్యూటీలో ఉండగా పోతే ఆ ఉద్యోగం నాకిచ్చారు. బ్యాటరీ సెక్షన్‌లో వేశారు. అంతమంది మగవాళ్ల మధ్య ఒక్కదాన్నే ఆడదాన్ని. మెత్తగా ఉంటే టీ గ్లాసులు కడిగిస్తారని మొదటి వారంలోనే అర్థమైంది. అందుకని నోరు పెంచుకున్నాను. ఎంత పెంచుకున్నానంటే, నేను గేటు దగ్గర మాట్లాడితే లోపల చార్జింగ్ గదిలో వాళ్లు చేతిలో బీడీ పారేసేవాళ్లు. ఆ నోటిని చూసి నేను చాలా ఏళ్లు గర్వపడ్డాను.

నోటితో పాటు ఇంకొకటి కూడా పెంచుకున్నాను, టంకం పెట్టే చెయ్యి. సన్న తీగైనా, లావు తీగైనా నేను టంకం వేస్తే ముత్యంలా కూర్చునేది. వేరే సెక్షన్ల వాళ్లు కూడా తెచ్చి నాతో పెట్టించుకునేవాళ్లు.

కొత్తవాళ్లు వస్తే మొదటిరోజు పాఠం నాదే. జనరేటరు స్టార్ట్ చేసే పెద్ద బ్యాటరీ ముందు నిలబెట్టి, దాని మీది రెండు స్తంభాలు చేత్తో పట్టి చూడమనేదాన్ని. ప్లస్ స్తంభం కాస్త లావు, మైనస్ కాస్త సన్నం. ప్లస్ వైపు వెళ్లాల్సిన బిగింపు మైనస్ మీద వదులుగా ఊగుతుంది. మైనస్‌ది ప్లస్ మీదికి అసలు దిగదు. "ఎర్ర రంగు సెరిగిపోతాది. రాసిన రాత సెరిగిపోతాది. సీకట్లో ఏ రంగూ కనపడదు. ఆకారం సెరగదు. దిగకపోతే బలమంతంగా దింపకండి, అది ఒద్దని సెప్తంది," అనేదాన్ని. ఇదే మాట ఎంతమందికి చెప్పానో. నా నోటితో చెప్పిన మాట నా చేతికి మాత్రం వినపడలేదు.

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందనుకుంటాను, మా సెక్షన్‌కు తలకు కట్టుకునే లాంపులు వచ్చాయి, పన్నెండు. పట్టీ తలకు తగిలించుకుంటే నుదుటి మీద దీపం, దీపం వెనకాల అడ్డంగా ఒకే ఒక చార్జింగ్ సెల్లు. బొటనవేలంత లావు, చూపుడువేలంత పొడుగు. కోచ్ పొట్ట కింద వేలాడే బ్యాటరీ పెట్టెలో తల దూర్చి పనిచేసేవాళ్లకు అది వరమే. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. పట్టపగలు కూడా ఆ పెట్టె లోపల వెనక వరస కనపడదు.

ఏడాది తిరక్కుండానే ఆ సెల్లులు ఒక్కొక్కటే నీరసించాయి. కొత్తవాటికి కాగితం పెట్టాం, కాగితం ఎక్కడో కూర్చుంది. ఇంతలో మాలో ఒకాయన పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలు విప్పితే వచ్చే సెల్లులు పన్నెండు తెచ్చాడు. అదే లావు, అదే పొడుగు. లాంపులో వేస్తే వెలగలేదు.

ఎందుకో చూస్తే, పాత సెల్లు తల మీద చిన్న బొడిపె ఉంది. కొత్తగా తెచ్చినదాని తల బోడి, నున్నగా చదునుగా ఉంది. లాంపులో ప్లస్ తగిలే రేకు చుట్టూ ప్లాస్టిక్ గట్టు ఉండి, రేకు కాస్త గుంటలో ఉంది. బొడిపె అయితే గుంటలోకి దిగి రేకును తాకుతుంది. బోడి తల గట్టు మీదే ఆగిపోతుంది. అంతే తేడా. మేం వాటికి బొడిపె సెల్లు, బోడి సెల్లు అని పేర్లు పెట్టేశాం.

నా మటుకు నాకు అది కంపెనీవాళ్ల పిసినారితనంగా కనిపించింది. ఒక చుక్క టంకంతో పోయే గుంటే కదా అనిపించింది. బోడి తలను ఆకురాయితో గీశాను. టంకం అంటుకోవడానికి యాసిడ్ రాశాను. టంకం పెట్టే ఇనుము కాల్చి ఆనించాను. ఆ రేకు తొందరగా పట్టలేదు, అందుకని ఆనించి చాలాసేపే ఉంచాను. చివరికి గుండ్రటి బొట్టు కూర్చుంది. లాంపులో వేస్తే ఫెళ్లున వెలిగింది.

సెక్షన్ మొత్తంలో ఒకడే నోరు విప్పాడు. నాకంటే పదిహేనేళ్లు చిన్న, ఫిట్టరు. వాళ్లదీ మా నిమ్‌పురా వైపే ఇల్లు. నన్ను అప్పా అని పిలుస్తాడు, మా వైపు అక్కను అలాగే అంటారు. నేను తమ్ముడూ అంటాను. నెమ్మదస్తుడు.

"అప్పా, ఆ గుంట ఊరికే ఉంచలేదేమో. తిరగేసి ఏసినా, ఏరే రకం సెల్లు ఏసినా తగలకూడదని పెట్టుంటాడు కంపెనీవోడు. నువ్వే కదా సెప్తావు, దిగకపోతే దింపొద్దని," అన్నాడు.

అందరూ నవ్వారు. నాకు ముక్కు మీద కోపం.

"నువ్వు లాగులేసుకున్నప్పట్నుంచి టంకం పెడతన్నాను నాను. నా పనికి వంక పెట్టీవోడివైపోనావేటి? ఇంకోపాలి నా పని గురించి మాటాడితే ఆ లాంపు నీ నెత్తినే కట్టి ఊరేగిస్తాను," అన్నాను.

అతను తల వంచుకుని లాంపు తీసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ ఆ ఊసెత్తలేదు. పన్నెండు సెల్లులకూ బొట్లు పెట్టాను. మా ఇన్‌చార్జి సారు బెంగాలీ, సాధువు లాంటి మనిషి. వెలిగే లాంపులు చూసి "వాహ్ దీదీ" అన్నారు. ఆ రోజు ఇంటికి తేలిపోతూ వెళ్లాను.

అప్పుడు నాకు తెలియని సంగతులు ఇప్పుడు చెబుతాను, మీరైనా తెలుసుకోండి. ఈ సెల్లు ఒళ్లంతా మైనస్. తల మధ్యలో ఉన్న చిన్న బిళ్ల ఒక్కటే ప్లస్. ఆ రెంటికీ మధ్య గోరంత మందం వలయం ఒకటి అడ్డుగా ఉంటుంది. నేను ఇనుము ఆనించి ఉంచిన ఆ కాసేపట్లో ఆ వలయం మాడింది, కరెంటు లోలోపలే కారడం మొదలైంది. లోపల వేడెక్కితే గ్యాసు పోవడానికి తల కింద సన్నటి దారులుంటాయి, నా బొట్టు వాటిని మూసేసింది. పాత బొడిపె సెల్లుల అడుగున ఒక చిన్న సర్క్యూట్ ఉండేది, కరెంటు హద్దు మీరితే ఆపేసేది. ఈ బోడివాటికి అదీ లేదు. వాటి తల అలా చదునుగా ఉండడమే, మాకు ఆ కాపలా లేదు, మమ్మల్ని ఇక్కడ వెయ్యకండి అని చెప్పడం. నేను దాని నోరు మూశాను.

విశ్వకర్మ పూజకు ముందురోజు మధ్యాహ్నం. ఖరగ్‌పూర్‌లో ఆ పూజంటే వర్క్‌షాపుల వాళ్లకు అన్ని పండగల కంటే పెద్దది. విగ్రహం తేవడానికి అందరూ వెళ్లారు. ఒక్కదాన్నే ఉన్నాను. బల్ల మీద ఎవరో వదిలిన లాంపు ఒకటి ఉంది, చార్జింగ్ నిలవడం లేదన్న చీటీతో. తీసి పట్టుకుంటే వెచ్చగా ఉంది. ఆర్పి ఉంది, అయినా వెచ్చగా ఉంది. మూత విప్పితే గోళ్ల రంగు వాసన లాంటి తియ్యటి వాసన వచ్చింది. నా బొట్టు చుట్టూ ప్లాస్టిక్ తొడుగు కమిలి గోధుమరంగుకు తిరిగింది. చూస్తూండగానే వేడి పెరిగింది, పట్టుకోలేకపోయాను. పక్కనున్న ఇసుక బకెట్‌లో పడేసి దాని మీద ఇంకో చిప్పెడు ఇసుక పోశాను. ఇసుక లోపల్నుంచి సుయ్యిమని చప్పుడొచ్చింది. తరవాత పొగ. తరవాత ఏమీ లేదు.

నేను ఆ బకెట్ పక్కన ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఇంకా పదకొండు ఉన్నాయి. పదకొండు మంది నుదుళ్ల మీద, కళ్లకు అంగుళం పైన ఉన్నాయి. అన్నీ నా చేత్తో పెట్టినవే.

అప్పుడే వెళ్లి సారుతో చెప్పాల్సింది. చెప్పలేదు. రిటైర్మెంటుకు మూడు నెలలుంది. ఈ వయసులో చార్జిషీటు తీసుకుని, అందరి నవ్వుల మధ్య గేటు దాటడం నా వల్ల కాదనిపించింది. పైగా ఒక ఉపాయం తట్టింది. రేపు పూజ. పూజ రోజు పనిముట్లన్నీ సెక్షన్‌కు తిరిగొస్తాయి. పానాలు, మీటర్లు, లాంపులు అన్నీ కడిగి, విగ్రహం ముందు పేర్చి, ఒక్కోదానికి సిందూరం పెడతాం. పూజయ్యేదాకా ఎవరూ పనిముట్టు ముట్టరు. లాంపులన్నీ నా చేతికే వస్తాయి. తుడుస్తున్నట్టు తుడుస్తూ సెల్లులు తీసేస్తాను. ఎవరికీ తెలియదు. బకెట్ తీసుకెళ్లి షెడ్డు వెనక పారబోశాను. ఇసుక నల్లగా గడ్డకట్టి ఉంది.

పొద్దున్నే అందరికంటే ముందు వెళ్లాను. పట్టుచీర కట్టుకున్నాను. లాంపులు వస్తున్నాయి. ఒక్కోటీ తీసుకోవడం, గుడ్డతో తుడవడం, మూత తిప్పి సెల్లు జారవిడిచి కాళ్ల దగ్గర ఇసుక డబ్బాలో వెయ్యడం. ఒకటి, రెండు, ఐదు, తొమ్మిది. పది అయ్యాయి.

పదకొండోది తమ్ముడి నుదుటి మీద ఉంది. అతను గుమ్మంలోకి వచ్చాడు, లోపలికి రాలేదు. మధ్యాహ్నం వెళ్లాల్సిన బండిలో ఒక కోచ్‌కు లైట్లు గుడ్డిగా ఉన్నాయని, కోచ్‌లు నిలబెట్టి బాగుచేసే పిట్ లైను నుంచి కబురొచ్చిందట. మిగిలినవాళ్లు పూజలో ఉండనీ, తాను చూసొస్తానని సారుతో చెప్పాడు.

"పూజ నాడు పనిముట్టు తీసినానని విశ్వకర్మ బాబాకి కోపమొస్తాదేమో. అప్పా, నువ్వు సిందూరం పెట్టీ, ఎల్లొచ్చేత్తాను. అరగంట," అన్నాడు.

నుదుటికి పెట్టబోయాను. "నుదుటికొద్దు, లాంపుకే పెట్టు," అని కాస్త వెనక్కి జరిగాడు. లాంపు కింద గమ్చా తువ్వాలు మడిచి కట్టుకుని ఉన్నాడు. చెమటకేమో అనుకున్నాను.

ఆ క్షణంలో నా నోటి దగ్గర మాట సిద్ధంగా ఉంది. పూజ నాడు లాంపు తియ్యకూడదు, ఇక్కడ పెట్టెయ్, టార్చి పట్టుకెళ్లు అంటే చాలు. ఎవరూ ఎందుకని అడగరు. కానీ నేను జీవితమంతా అలాంటి మాటలన్నవాళ్లను వెక్కిరించినదాన్ని. ఇవాళ నేనే అంటే సారు నా వంక చూస్తారు. చూస్తే అడుగుతారు. అరగంటే కదా అనుకున్నాను. వేలితో సిందూరం తీసి లాంపు మీద పెట్టాను. వేలికి వెచ్చగా తగిలింది. బయట ఎండలోంచి వచ్చాడు కదా అని సర్దిచెప్పుకున్నాను. అతను వెళ్లిపోయాడు.

పూజ మొదలైంది. ఢాక్ డోళ్లు మోగుతున్నాయి. ఆ రోజు ఇంట్లోవాళ్లను లోపలికి రానిస్తారు, పిల్లలు మిషన్ల మధ్య తిరుగుతున్నారు. అరగంట దాటింది. ముప్పావుగంట దాటింది. నేను హారతి చూడడం లేదు, గుమ్మం చూస్తున్నాను. తమ్ముడి పెళ్లాం వచ్చింది, ఇద్దరు ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని.

"వొదినా, ఈయనేడీ?" అంది.

"పిట్ లైనుకెల్లినాడు. వచ్చేత్తాడు," అన్నాను.

"పండగ నాడు కూడానా? ఆ లాంపు పెట్టుకునే ఎల్లినాడా?" అని గొంతు తగ్గించింది. "నీకు సెప్పొద్దన్నాడు గాని సెప్తన్నాను. మూడ్రోజుల్నించి ఆ లాంపు నుదురు కాల్చేత్తంది వొదినా. ఇంత మేర ఎర్రగా బొబ్బెక్కిపోనాది. కొబ్బరినూని రాస్తన్నాను. మీ అప్పకి సూపించొచ్చు కదా అంటే, అప్ప పనికి వంక పెడితే ఊరుకోదు, మూడు నెలల్లో ఎల్లిపోద్ది, ఎందుకు బాధపెట్టడం అంటాడు. గమ్చా మడతెట్టి కట్టుకుంతన్నాడు."

ఆమె ఇంకా ఏదో అంటోంది. నాకు వినపడలేదు. బ్యాటరీ పెట్టెలో తల పెట్టి ఉంటాడు. పిట్ లైనులో కోచ్‌ను చార్జింగ్‌కు పెట్టి ఉంటారు. చార్జింగ్‌లో ఉన్న పెద్ద బ్యాటరీలు గ్యాసు వదులుతాయి, దానికి ఒక్క నిప్పురవ్వ చాలు. నా సర్వీసులో ఒకసారి అలాంటి సెల్లు మూత ఎగిరి షెడ్డు కప్పుకు తగలడం చూశాను. అప్పుడక్కడ మనిషి లేడు. ఇప్పుడు ఆ గ్యాసు మధ్యలో, నిప్పు పుట్టే సెల్లుతో, మనిషి తల ఉంది.

ఫోను చేద్దామంటే, బ్యాటరీల దగ్గర పనిచేసేటప్పుడు ఫోను లాకర్‌లో పెట్టాలన్న రూలు పెట్టించింది కూడా నేనే. పరుగెత్తాను. పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, యాభై తొమ్మిదేళ్ల ఆడది, పట్టాల మధ్య కంకర మీద చెప్పుల్లేకుండా. ఏమైందని వెనకాల ఎవరో "దీదీ, క్యా హువా?" అంటున్నారు. తిరిగి చూడలేదు.

మూడు లైన్లు దాటాను. నాలుగో లైను మీద గూడ్సు బండి షంటింగ్ అవుతోంది. నత్తలా కదులుతోంది. దాని కింద నుంచి దూరకూడదు, నాకు తెలుసు. దూరినవాళ్లను చూశాను కూడా. నిలబడ్డాను. వ్యాగన్ తరవాత వ్యాగన్ వెళుతోంది. సందుల్లోంచి అవతల పిట్ లైనూ, కోచూ కనపడుతున్నాయి. ఒక సందులో తమ్ముడి కాళ్లు కనిపించాయి, పెట్టె ముందు మోకాళ్ల మీద ఉన్నాడు. తరవాతి వ్యాగన్ అడ్డం వచ్చింది. ఇంకో సందులో మళ్లీ కాళ్లు. నేను అరిచాను, చక్రాల చప్పుడులో నా గొంతు నాకే వినపడలేదు. అంతమందిని హడలగొట్టిన గొంతు అది. దేవుడా ఆ కాళ్లను కదులుతూ ఉండనీ అనుకున్నాను. వ్యాగన్లు ఎంతకీ అయిపోలేదు. అంత భయం నేను నా జన్మలో పడలేదు, మా నాన్న పోయిన కబురు వచ్చిన రోజు కూడా.

ఆఖరి వ్యాగన్ దాటింది. వెళ్లి చూస్తే తమ్ముడు భుజాల దాకా పెట్టెలోనే ఉన్నాడు. చేతిలో పొడుగాటి పానా, వెనక వరసలో బోల్టు బిగిస్తున్నాడు. ఆ పుల్లని ఘాటు వాసన బయటికే కొడుతోంది. నోరు తెరిచాను, ఆగాను. ఇప్పుడు నేను నా మామూలు గొంతుతో అరిస్తే అతను ఉలిక్కిపడతాడు. ఉలిక్కిపడితే ఆ పానా రెండు స్తంభాల మీద అడ్డంగా పడుతుంది. లాంపు కంటే ముందు అదే నిప్పు పుట్టిస్తుంది.

ఎగశ్వాస బిగపట్టుకుని, పసిపిల్లను నిద్రపుచ్చే గొంతుతో అన్నాను.

"తమ్ముడూ. నానే. కదలకు. పానా మెల్లిగా పక్కనెట్టు."

లోపల్నుంచి పానా చెక్క మీద ఆనిన చప్పుడు.

"ఇప్పుడు మెల్లిగా తల బయటికి తియ్యి బాబూ."

తల బయటికి తీశాడు. నన్ను చూసి అతని మొహం పాలిపోయింది.

"ఎవరు పోనారప్పా?" అన్నాడు.

ఎవరైనా చస్తే తప్ప నేను అంత మెత్తగా మాట్లాడనని అతనికి తెలుసు. లాంపు పట్టీ పట్టుకుని లాగేశాను. చెయ్యి కాలింది. పట్టాల అవతల ఖాళీ కంకర మీదికి, చేతిలో ఉన్నంత బలంతో విసిరాను. తమ్ముడి రెక్క పట్టుకుని కోచ్‌కు దూరంగా లాక్కెళ్లాను.

లాంపు కంకర మీద పడి ఉంది. ఏమీ కాలేదు. సిందూరం చుక్క ఎర్రగా కనపడుతోంది.

"ఏటప్పా ఇది? లాంపు ఎందుకు పారేసినావు?" అన్నాడతను, సగం నవ్వుతూ.

అప్పుడు సన్నగా తెల్లటి పొగ మొదలైంది. తరవాత చిచ్చుబుడ్డి లాగా ఒక పక్క నుంచి మంట ఎగజిమ్మింది. జానెడు కాదు, మోకాలి ఎత్తు. కంకర రాళ్లు నల్లబడ్డాయి. పది లెక్కపెట్టేంతలో అయిపోయింది. ప్లాస్టిక్ కరిగిన ముద్ద మిగిలింది.

ఇద్దరం అక్కడే పట్టా పక్కన కూలబడ్డాం. తమ్ముడు చెయ్యెత్తి నుదురు తడుముకున్నాడు. గమ్చా కింద, రూపాయి బిళ్లంత మేర తోలు ఊడి ఎర్రగా ఉంది. ఒకసారి ఆ ముద్ద వైపు, ఒకసారి బ్యాటరీ పెట్టె వైపు చూశాడు.

"నీకెలా తెలిసినాదప్పా?"

"నిన్న ఇంకోటి ఇలాగే అయినాది. ఇసుకలో పడేసినాను."

"నిన్ననా?" అన్నాడు.

అంతే. తిట్టినా బాగుండేది. లేచి, పెట్టె దగ్గరికి వెళ్లి, తలుపు మూసి, తాళం వేసి, పానా తుడుచుకుని నా ముందు నడిచాడు.

నేను తిన్నగా సారు దగ్గరికి వెళ్లాను. పూజ ప్రసాదం పంచుతున్నారు. అందరూ ఉన్నారు, అతని పెళ్లాం కూడా. ఆయన్ను పక్కకు పిలవలేదు. పక్కకు పిలిస్తే మళ్లీ సగమే చెబుతానని నా మీద నాకే భయం. ఇసుక డబ్బా బల్ల మీద పెట్టి, పది సెల్లులూ చూపించి, టంకం సంగతి, నిన్నటి బకెట్ సంగతి, పారబోసిన సంగతి చెప్పాను. ఢాక్ వాయించేవాళ్లు కూడా ఆపేశారు.

"కల్ క్యోఁ నహీఁ బోలా, దీదీ?" అన్నారు సారు. నిన్ననే ఎందుకు చెప్పలేదని.

"డర్ గయీ థీ," అన్నాను. భయపడ్డాను. ఆ సెక్షన్‌లో నా నోట ఆ మాట అదే మొదటిసారి.

ఆయన "ఠీక్ హై. లిఖ్‌కే దీజియే," అన్నారు. రాసిచ్చాను. కాగితం వచ్చింది, శిక్ష వచ్చింది, చిన్నదే. నా మంచి పేరు పోతుందని భయపడ్డాను కదా, పోయింది. పోయాక చూస్తే, ఊహించుకున్నంత బరువేమీ లేదు. లాంపులకు బొడిపె సెల్లులు, సర్క్యూట్ ఉన్నవి, వారంలో వచ్చాయి. రిటైరయ్యే రోజు దాకా కొత్తవాళ్లకు పాఠం చెబుతూనే ఉన్నాను. ఆఖర్న ఒక ముక్క కలిపాను. "నా పనిలో తప్పు కనపడితే నాకు సెప్పండి. నాను కసురుతాను. కసిరినా సెప్పండి."

కొత్తగా చేరిన పిల్లలారా, సెల్లు తల చూడడం నేర్చుకోండి, అది తొందరగానే వస్తుంది. మీ ముందు మాట్లాడడానికి పక్కవాడు భయపడుతున్నాడా అన్నది చూసుకోండి, అది నాకు అరవై ఏళ్లకు గాని రాలేదు. తమ్ముడు తన నుదురు కాలుతుంటే గమ్చా మడత పెట్టుకున్నాడు గాని, నాతో చెప్పలేదు. నా నోటి కంటే నిప్పే నయమనుకున్నాడు.

కాగితంలో నేను రాయని సంగతి ఒకటి మిగిలింది. సారుకు చెప్పలేదు, తమ్ముడికీ చెప్పలేదు. ఏటా పూజ నాడు అతను పెళ్లాం పిల్లలతో ప్రసాదం పట్టుకుని మా ఇంటికొస్తాడు. నుదుటి మీద మచ్చ అలాగే ఉంది, కాస్త తెల్లబడింది. ఏటా చెబుదామనుకుంటాను, ఏటా టీ పెట్టి పంపిస్తాను. పోయినేడాది పిల్లలు మేడ మీద గాలిపటం ఎగరేస్తున్నారు, అతని పెళ్లాం వాళ్లతో ఉంది. వంటింటి గుమ్మంలో నిలబడి అనేశాను.

"తమ్ముడూ, ఆ రోజు సిందూరం పెడతన్నప్పుడే లాంపు ఏడిగా ఉందని నాకు తెలిసినాది. తెలిసే పంపినాను."

అతను చేతిలోని గ్లాసు కింద పెట్టలేదు. కిటికీలోంచి గాలిపటం వైపే చూస్తున్నాడు.

"తెలుసప్పా," అన్నాడు. "సెయ్యి సటుక్కున లాగీసుకున్నావు కదా."